జాబితా లాగేవాడు

పెద్దాయన తల ఎంతుండాలో నాకు తెలుసు.
ఆరడుగుల ఫ్లెక్సీలో రెండున్నర అడుగులు.
జిల్లా నాయకుడికి అరచెయ్యంత,
వార్డువాళ్ళకి తపాలా బిళ్ళంత.
ఒకసారి ఓ బిళ్ళ కాస్త పెరిగిందని
అల్లిపురంలో నా షట్టరు మీద రాళ్ళు పడ్డాయి.

యెల్లె వచ్చింది బోర్డుల కోసం.
హాలెండు మనిషి, రేవులో పూడిక తీసే ఓడ మీద ఇంజినీరు.
పేరు పెట్టి పిలిస్తే వెళ్ళిపొమ్మన్నట్టుంటుంది.
"జాగ్రత్త, జారును" అని నాలుగు బోర్డులు.
రంగు ఆరేదాకా స్టూలు మీద కూర్చుని
గోడ మీది ముఖాలన్నీ లెక్కపెట్టాడు.

మా దగ్గర ఓటు కాగితం దుప్పటంత, అన్నాడు.
పార్టీకో వరస, వరస నిండా పేర్లు, చేతికో ఎర్ర పెన్సిలు.
అన్నిటికన్నా పైనున్న పేరే నాయకుడు.
వాళ్ళ మాటలో ఆ పదానికి అర్థం
జాబితా లాగేవాడు.
నూట యాభై కుర్చీలు, ఏ ఒక్కరికీ సగం రావు.
గెలిచినవాడు
నిన్న తిట్టినవాళ్ళతోనే బల్ల చుట్టూ కూర్చుంటాడు,
నెలలు, కాఫీలు, మళ్ళీ నెలలు.
ఒక్కోడు తనవాళ్ళని మంత్రుల్ని చేసి
తను మాత్రం సభలోనే ఉండిపోతాడట,
తన ప్రభుత్వాన్ని తనే ప్రశ్నలడుగుతూ.

"మరి అతని ఫొటో ఎక్కడ పెడతారు?"
యెల్లెకి నా బాధ అర్థం కాలేదు.

వాళ్ళమ్మ పేరు ఓసారి ఊరి ఎన్నికల్లో
జాబితాకి అట్టడుగున ఉండేదట.
గెలవదని ఆవిడకీ తెలుసు.
ఆ చోటుకీ ఓ పేరుంది: నెట్టేవాడు.
నేను మౌనంగా
తపాలా బిళ్ళల వైపు చూశాను.

రాత్రి జాలారిపేటలో అయ్యకి చెప్పాను.
వల కుడుతున్నాడు, పళ్ళ మధ్య దారం.
"లాగీవోడా?" అని నవ్వాడు.
"అలివి వల లాగినప్పుడు సూళ్ళేదేటి నువ్వు?
మోకాల్లోతు నీళ్ళల్లో ఉన్నోడే ముందోడు.
ఎనక్కి ఎనక్కి నడిసి
ఇసక మీదకి తాడు కొస కొచ్చీసరికి
ఆడు తాడొదిలీయాల.
మళ్ళీ కిందికెల్లి నీళ్ళకాడ పట్టాల.
ఒదల్లేదనుకో..."
చెప్పలేదు. దారం కొరికాడు.

పొద్దున్నే కొత్త ఆర్డరు.
పుట్టినరోజు, ఇరవై అడుగులు,
తల ఇంకాస్త పెంచమన్నారు.
పెంచాను.
జగదాంబ దగ్గర కట్టడానికి తాడడిగితే
అయ్య పాత తాడే తీసిచ్చాను,
ఇంకా ఉప్పు వాసన పోలేదు.
ముడి మరీ బిగించొద్దన్నాను.
సముద్రపు గాలి కదా,
లాగుతుంది.