నూట ఇరవై దిమ్మలు

వాయుగుండం పోయి మూడు వారాలైంది,
పార్కులో రింకు మీద పాచి ఇంకా పోలా.
రింకంటే ఏందో అనుకునేరు,
ఒక సిమెంటు గచ్చు, చుట్టూ నడుమెత్తు ఇనుప కమ్మీ,
చక్రాల బూట్లు కట్టుకున్న పిల్లకాయలు
గిర్రున తిరిగే చోటు.
మార్గశిరం మంచుకి
చచ్చిన పాచి కూడా లేచి కూర్చుంటుంది.
బ్లీచింగు చల్లి, ఈనెల చీపురుతో గీకి
ఆరు కొట్టేలోపల ఆరబెట్టాల.
ఆరబెట్టేది ఎవురు?
నేను, చెంచమ్మ. మా ఇద్దరి వల్లా కాకపోతే ఎండ.

ఆ ఏడు కొత్తగా వచ్చిన ఇంజినీరు
ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు:
తెల్లటి నేల, నోట్లోంచి తెల్లటి పొగ,
బూట్ల కింద కత్తులు కట్టుకుని జారతా ఉండే జనం.
జనవరి ఒకటికి మనూళ్ళోనూ పెడదాం అన్నాడు.
కావలిలో.
పుష్యమాసంలో కూడా ఫ్యాను ఆపని కావలిలో.

చెంచమ్మ ఆకు ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చి
"మంచు రోజూ పడతానే ఉందిగా సారూ,
తుడవలేక మేం సస్తా ఉండాం" అనింది.

జువ్వలదిన్నె దారిలో ఐసు ఫ్యాక్టరీ జిలానీ
రొయ్యలకి, వంజరాలకి తప్ప
మనుషులకి ఐసు వేసి ఎరగడు.
"ఎంతసేపు నిలవాల?"
"ఆరు నుంచి తొమ్మిది దాకా."
"చేపలకైతే చెప్పగలను" అన్నాడు.

మూడు ట్రాక్టర్లు. నూట ఇరవై దిమ్మలు.
కింద ఊక, పైన గోనెపట్టాలు.
ట్రంకు రోడ్డు పొడుగునా
ఎవురో ఏడ్చుకుంటా పోయినట్టు తడి గీత.

పరిస్తే రింకులో సగానికే వచ్చినై.
సందుల్లో ఐసు పొడి కూరి నీళ్ళు చల్లాం,
గడ్డ కడతదని ఇంజినీరు లెక్క.
కట్టలా.
ఒక దిమ్మ లోపల ఒంటి రొయ్య మీసం.
దాన్ని చూడను వంగిన పిల్లోడు
ఎంత పిలిచినా లేవలా.

ఐదున్నరకి, పెద్దలెవురూ రాకముందు,
"గట్టిగా ఉందో లేదో ఎవురన్నా నడిచి చూడండి" అన్నాడు.
నేను వెనక్కి జరిగా.
చెంచమ్మ చెప్పులు విడిచింది.
కొంగు బిగించి, గోనెపట్టా పరిచి, దాని మీద చతికిలబడి
"లాగు" అనింది.

లాగా.
యాభై ఏళ్ళ మనిషి,
ముప్పై ఏళ్ళుగా నేలని కూర్చుని గీకిన మనిషి,
ఆ నేల మీద అట్టా పోయింది,
ఏ బరువూ లేకుండా,
కమ్మీకి తగిలి, తిరిగి,
నవ్వుతా, బూతులు తిడతా, మళ్ళీ నవ్వుతా.
ఆ నవ్వు అంతకుముందు నేను వినలా.

పెద్దలొచ్చేసరికి ఎనిమిది దాటింది.
రిబ్బను కోశారు.
చీలమండ లోతు నీళ్ళు, చేపల వాసన,
మైకులో ఉపన్యాసం.
చెంచమ్మ పార తెచ్చి గట్టు తెంపి
ఆ చల్లటి నీళ్ళని కనకాంబరాల మడికి మళ్ళించింది.

మార్చిలో ఆడిట్ వాళ్ళు వచ్చి
రిజిస్టరు మీద వేలు పెట్టారు:
ఐసు దిమ్మలు, నూట ఇరవై, పార్కు నిర్వహణ.
"స్టాకు చూపించు."
నేను ఇంజినీరు వైపు చూశా.
ఆయన కిటికీ వైపు చూశాడు.

ఇప్పుడు మళ్ళీ మార్గశిరం.
బ్లీచింగు ఘాటుకి కళ్ళు మండతా ఉండాయి.
గోనెపట్టా తడిపి పాచి మీద వేసి
చెంచమ్మ దానివైపు ఒక గడియ ఊరికే చూస్తది,
నేను గమనిస్తా ఉండానని తెలిసి
"ఏంది?" అంటది.
ఏం లేదంటా.
గీకుతాం.