గంజి పెట్టిన మంచు

ముందు ఒక ముడి.
బిగించీకు, అంది కెజియ, ఊపిరాడనీ.

ఇరవయ్యారేళ్ళు జూట్ మిల్లులో
తెగిన పోగుని తెగినచోటే పట్టుకుని
ఫ్రేము ఆగకుండా ముడేసిన వేళ్ళివి.
వీటికి బిగించడమే తెలుసు.

నవంబరులో గేటుకి తాళం పడింది.
నోటీసు వానకి తడిసి, అక్షరాలు కిందికి జారి
చివరికి మేనేజరు సంతకమొకటే మిగిలింది.
సైరన్ లేకపోయినా ఐదున్నరకే లేచి
చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చునేవాణ్ణి,
ఎవరూ అడగని టైము చెప్పే గడియారంలా.

ఎదురింటి గుంట చూసింది. పదకొండేళ్ళది.
పార్వతీపురం హాస్టల్లో నేర్చుకుందట అల్లిక.
"సిన్నాన్నా, కాళీగున్నావు గదా, ఇది పట్టు."
చేతిలో కొక్కెం పెట్టింది,
సైకిల్ పుల్ల వంచి, మొన అరగదీసి
వాళ్ళ నాన్న చేసిచ్చినది.

గొలుసు ఆరు కళ్ళు.
చివరిది మొదటి కంట్లోకి తెచ్చి కలిపితే గుండ్రం.
గుండ్రంలోంచి పన్నెండు పుల్లలు లేపాలి.
"పన్నెండే. లెక్క తప్పితే రేకు ముడుసుకుపోద్ది."
నాకు పదమూడొచ్చాయి.
విప్పీసింది.
పదకొండు.
విప్పీసింది.
మిల్లులో తప్పు పోగంటే వేస్టు,
తూకమేసి జీతంలో కోసేవారు.
ఇక్కడ తప్పు మళ్ళీ ఉండలోకే పోతుంది
కాస్త మెలికలు తిరిగి, అంతే.
ఈ సంగతి నాకు యాభై రెండో ఏట తెలిసింది.

నాలుగో రోజుకి ఒకటి వచ్చింది.
ఆరు రేకులు, ఒకటి కుంటిది.
ఇదేటే, అన్నాను.
మంచు రేకు, అంది.

నాకు నవ్వొచ్చింది.
మా నెల్లిమర్లలో మంచంటే
చంపావతి మీంచి లేచి, రైలు గేటు దాకా పాకి
టీ కొట్టు పొయ్యి వెలగ్గానే
మొహమాటపడి వెళ్ళిపోయేది.
దానికి రేకులెక్కడివి, లెక్కెక్కడిది?
"నువ్వు సూసావా?"
"నాను సూడనేదు. మా టీచరూ సూడనేదు.
పుస్తకంలో ఉంది. ఒకటున్నట్టు ఇంకోటుండదట."

అయితే నా కుంటిదీ చెల్లుతుంది.

కానీ దారానికి వేలాడదీస్తే
తడిసిన కోడిపిల్లలా వాలిపోయింది.
మా పైడితల్లి ఏమీ మాట్లాడకుండా
అప్పుడే వార్చిన గంజి గిన్నె తెచ్చి ముందు పెట్టింది.
ముంచి, పిండి, పాత పీట మీద పరిచి
మొనమొనకీ గుండుసూది గుచ్చి ఎండలో పెట్టాం.
మధ్యాహ్నానికి మంచు నిలబడింది,
పెళ్ళికెళ్ళే పంచె అంచులా.
ఈగ ఒకటి వాలి, అన్నం వాసన చూసి
అన్నం దొరక్క ఎగిరిపోయింది.

ఏడు అల్లేసరికి తెల్లదారం అయిపోయింది.
చుక్క మిగిలిపోయింది, అన్నింటికీ పైన కట్టేది.
నా టిఫిన్ క్యారేజీకి చుట్టిన గోగునార పురి
చివరి షిఫ్టు నాటిది, ఇంకా అలాగే ఉంది.
విప్పాను. మిషను నూనె వాసన.
"నచ్చత్రం మట్టిరంగుంటాదేటి?" అంది కెజియ.
"పసువుల సాల మీద నిలబడిందన్నావు గదే,
దుమ్ము పడదేటి?"
కాసేపు ఆలోచించింది.
అయిదు మొనలు, అంది.

ఇరవై నాలుగు రాత్రి
కాలనీ చర్చిలో, ఇసక బకెట్లో నిలబెట్టిన
సరుగుడు కొమ్మకి అవన్నీ కట్టారు.
నేను చెప్పులు విప్పి గుమ్మం పక్కనే నిలబడ్డాను.
స్పిన్నింగు సన్నాసి కూడా వచ్చాడు,
కేకు కోసమో, ఇంట్లో ఉండలేకో.
కొమ్మ దగ్గరికెళ్ళి, చుట్టూ చూసి
ఆ గోధుమ చుక్కని బొటనవేలితో నలిపాడు.
"మన మూడో నంబరు ఫ్రేముది," అన్నాడు.
ఇంకేం అన్లేదు. చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు.

రేప్పొద్దున ఆరుకి అతనూ లేచే ఉంటాడు.
ఇంకో సైకిల్ పుల్ల వంచమని
కెజియ నాన్నతో చెప్పాలి.