ఏడో పేరు

ఏడుగురుంటేనే గ్రూపు పాలసీ అన్నాడు పానకాలరావు,
టీ గ్లాసు మీద ఈగను తోలుతూ.
లెక్కపెట్టాను.
కొలిమి దగ్గర ఏసోబు, సుత్తి పట్టే బాజీ,
బోల్టులు బిగించే అన్నదమ్ములిద్దరు,
డ్రిల్లు మీద నాగుల్‌మీరా,
కుర్చీలో నేను.

ఆటోనగర్‌లో
లారీల కమాన్ కట్టలు సరిచేసే షెడ్డు మాది.
ఎంత లోడు మోసినా మళ్ళీ లేచి నిలబడేలా
ఇనుముకు వంపు నేర్పుతాం.
మనుషుల సంగతే, కాగితం చదివేదాకా తెలీలేదు.

"పదిమంది ఉంటే ఈఎస్ఐ చూసుకుంటుంది మేడమ్,
ఏడుగురైతే మా కంపెనీ చూసుకుంటుంది,
ఆరుగురైతే..."
అని టీ తాగాడు.

ఎవరికి వాళ్ళు విడిగా తీసుకుంటే ఏమవుతుందో
నాగుల్‌మీరాని అడగాలి.
నాలుగేళ్ళు కట్టాడు.
ముందే ఉన్న షుగరుకు మూడేళ్ళు ఆగాలంటే ఆగాడు.
బుడమేరు ఇంట్లోకొచ్చిన నెల
కట్టాల్సిన తేదీ కూడా నీళ్ళలో మునిగింది.
ఆ పైన ముప్ఫై రోజులు గడువిస్తారట.
ఆ ముప్ఫై రోజులూ
సింగ్‌నగర్‌లో బురద ఎత్తిపోస్తూనే ఉన్నాడు.
ముప్ఫై ఒకటో రోజు వెళితే
కొత్తగా చేరమన్నారు,
మళ్ళీ మొదటి ఏడు నుంచి.
అతని షుగరు మాత్రం ఎనిమిదో ఏట నడుస్తోంది.

గ్రూపులో ఇంకొంచెం కడితే ఆ ఎదురుచూపు ఉండదు,
ఉన్న జబ్బును ఉన్నట్టే రాయొచ్చు
అన్నాడు కాబట్టే ఫారాలు తెప్పించాను.

కుటుంబం అంటే:
తను, భార్య లేదా భర్త, ఇద్దరు పిల్లలు.
అమ్మానాన్నలకు వేరే లెక్క.
ఏసోబు, చెల్లెలు పోయిన దగ్గర్నుంచి
దాని కూతుర్ని పెంచుతున్నాడు.
"రాయండమ్మా, సుహాసిని, తొమ్మిదేళ్ళు,
నాలుగో తరగతి" అన్నాడు,
నాలుగో తరగతికి కూడా ఓ గడి ఉంటుందన్నట్టు.
మేనకోడలికే గడి లేదు.
దత్తత కాగితాలున్నాయా అని అడిగాడు పానకాలరావు.
"అన్నం పెట్టడానికి కాగితాలేంటి బాబూ"
అనేసి కొలిమి వైపు తిరిగాడు ఏసోబు.
ఆ పూట ఇంకేం మాట్లాడలేదు.

ఏడో మనిషి కోసం మూడు రోజులు.
మా మరిది పేరు రాసేద్దామంటే
జీతం పుస్తకంలో ఉండాలట.
"ఇన్సూరెన్స్ కోసమే గుంపు కట్టకూడదు మేడమ్, రూలు."
మరి దేని కోసం కట్టాలయ్యా గుంపు
అని నోటిదాకా వచ్చి ఆగింది.

అప్పుడు విన్నాను,
గచ్చు మీద అయస్కాంతం ఈడుస్తున్న చప్పుడు.
పదకొండేళ్ళుగా షెడ్డు మూసే వేళకొచ్చి
గుడ్డ చుట్టిన అయస్కాంతంతో ఇనుప రజను పోగుచేసి
ఆ రజనే కూలనుకుని మూటగట్టుకుపోయే మనిషి.
రజనమ్మా అని పిలుస్తాం.
అదే పేరనుకున్నాను.

బొడ్లో సంచీలోంచి ఆధార్ కార్డు తీసింది.
తలపంటి సువార్త.
యాభై ఒకటి. కృష్ణలంక.
జీతం పుస్తకంలో కొత్త గీత గీశాను,
నెలకు ఎంత అన్న చోట
పెన్ను చాలాసేపు ఆగింది.

షరతులన్నీ చదివి వినిపించాడు పానకాలరావు.
దేనికి తలూపుతోందో తెలియకుండానే తలూపింది.
వేలిముద్రకు ముందు ఒక్కటడిగింది:
"ఏ తారీకు నుంచి నాకు జబ్బు చెయ్యొచ్చమ్మా?"

పానకాలరావు నవ్వాడు.
నేను క్యాలెండరు చూశాను. ఇవాళ పంతొమ్మిది.
ఒకటో తారీకు నుంచి, అన్నాను.

వేళ్ళు మడిచి లెక్కేసుకుంది.
ఎడమ డొక్కలో చెయ్యి ఆనించుకుని మెల్లగా లేచి
"ఫర్లేదులే, పన్నెండు రోజులేగా" అంది.
డ్రిల్లు కింద ఇంకా రజను ఉంది.
అయస్కాంతం అటు లాక్కెళ్ళింది.