ఏడు పొయ్యిలు

ఖాళీ చెయ్యమన్న నోటీసుని నాలుగు మడతలేసి
పాలగిన్నె దించింది సుభాన్‌బీ.

పొగ్గొట్టాల గాలి ఇటు తిరిగితే
ఆరేసిన తెల్లచీర మధ్యాహ్నానికి పావురం రంగు.
ఊళ్లో ఏడు పొయ్యిలే మిగిలాయి,
ఏడింటి దగ్గరా తెల్లతలలే.
నెరిసిందెంతో, గాలి చల్లిందెంతో.

“అంట్లు తోమడానికి బూడిద వెతుక్కునే పనిలేదు”
అని నవ్వబోయి
దగ్గింది చాలాసేపు.

బెజవాడ దగ్గర కాలనీలో ఇల్లిస్తారట,
కృష్ణ నీళ్లు కుళాయిలోకే వస్తాయట.
ఆ కృష్ణ మీదే నలభయ్యేళ్లు పడవేసిన దావూదు
ఈ దిబ్బ కింద ఉన్నాడు.

పొద్దున్నే చీపురుతో వెళ్లి గోరీ ఊడుస్తుంది.
సాయంత్రం మళ్లీ.

“మాలో కాల్చరు బాబూ,” అంది సర్వేయరుతో,
“మట్టిలో పెడతాం.
రెండ్రోజులు ఊడవకపోతే
తన్ని కాల్చేశామనుకుంటాడు మనిషి.”