ఉత్తరం గుర్తు

ఆలిస్ స్ప్రింగ్స్ చేరాక, మళ్ళీ అరవై కిలోమీటర్లు వెనక్కి,
ఒక రాయిని దాని గుంటలో కూర్చోబెట్టడానికి.
తప్పు నాదే. మార్కర్ ఎండిపోయింది,
ఉత్తరం గుర్తు గీయకుండానే సంచిలో వేశాను.
కొలీన్ తిట్టలేదు.
దిక్కులేనిదాన్ని చేశావు, అన్నట్టు చూసింది.

మైలొనైట్. ఆ పేరులో తిరగలి ఉంది.
పెట్టినాయన విసిరిన పిండి అనుకున్నాడు.
ఇక్కడెవరూ విసరలేదు, పిసికారు.
ఇరవై కిలోమీటర్ల లోతున
ఎర్రబడీ ఎర్రబడని వేడిలో
క్వార్ట్జ్ తీగపాకంలా సాగింది.
ఫెల్డ్‌స్పార్ మొండికేసి కన్నులా మిగిలింది,
అటొక తోక, ఇటొక తోక.
ఏ వైపు లేచిందో ఆ తోకలు చెబుతాయి,
రాయిని పట్టుకోవలసినట్టు పట్టుకుంటేనే.

సముద్రం ఎటు చూసినా చాలా దూరం.
ఎక్కడో ఖండం అంచున తోపులాట,
ఇక్కడ నడిమధ్యన, పాత బెణుకు దగ్గర,
నేల మడతపడింది.
కొలీన్‌కి పదహారో ఏట విరిగిన మడమ ఉంది,
నడుం పట్టేసినా ముందు అదే మూలుగుతుంది.

లేచిన కొండ ఇప్పుడు లేదు.
దక్షిణాన గులకరాళ్ళ గుట్టలై పడుంది.
మిగిలింది దాని వేరు,
పూతరేకుల్లాంటి పొరలు.

పొద్దు వాలుతోంది. ఈగలు. మోకాళ్ళ కింద స్పినిఫెక్స్ ముళ్ళు.
మూడుసార్లు తిప్పి చూశాను, కుదరలేదు.
నాలుగోసారి టక్కున కూర్చుంది.

కొలీన్ దిక్సూచి ఆనించింది, లెన్సు నాకిచ్చింది.
ఉత్తరం వైపు పైకి.
ముప్పై అయిదు కోట్ల ఏళ్ళుగా అంటున్న మాట,
ఒక్క మధ్యాహ్నం నేను నోరు నొక్కేశాను.

గుర్తు గీశాను. చాలదనిపించి
పక్కనే ఇంకొకటి.