చెక్కుబంది

ఈ ఊళ్లో నా పని భూములు చేతులు మార్చడం.
మోస్‌మన్‌లో, చేపల కొట్టు పైన ఒక గది.
వానాకాలం వస్తే ఫైళ్ల మీద బూజు
నాకన్నా ముందే వచ్చి కూర్చుంటుంది.

ఇవాళ వచ్చింది లాట్ నలభై ఒకటి.
రెండున్నర ఎకరాలు. డెయిన్‌ట్రీ నదికి అవతల,
పంటు మీద కారెక్కించి దాటాలి.
అమ్ముతున్నావిడ గెయిల్ ప్రిచర్డ్, జీలాంగ్ నుంచి.
ఎనభై మూడులో కరపత్రం చూసి కొన్నారట ఆవిడా ఆయనా.
ఆ కాగితం ఇంకా దాచుకుంది:
వరండా, ఊయల, చేతిలో గ్లాసు,
వెనకాల కొన్ని చెట్లు, మర్యాదగా, దూరంగా.

"ఆయన పోయాక ఓసారి వెళ్లాను.
కారు దిగాను.
అడుగు పెట్టే చోటు కనిపించలేదు."

డబ్బు చందాలది.
పుచ్చుకుంటున్నది కుకు యలాంజీ వాళ్లు.
వాళ్ల తరఫున సంతకానికి కోరలీ ఆంటీ
మెట్టు మెట్టుకీ మోకాలిని తిట్టుకుంటూ ఎక్కొచ్చింది.
కాగితాలు చూడలేదు. కరపత్రం చూసింది.
"వరండా ఎటువైపు అనుకున్నారు?"
గెయిల్ వేలు పెట్టి చూపించింది.
ఆంటీ పొట్ట పట్టుకుని నవ్వింది:
"అటైతే ఫిబ్రవరిలో వాగు
మీ మంచం కింద పడుకునేది."
ఇద్దరూ నవ్వారు. ఒకరు కొంచెం ఆలస్యంగా.

ఇక్కడి దస్తావేజుకి అంకెలు చాలు.
లాట్, ప్లాన్, చదరపు మీటర్లు.
నా చెయ్యి మాత్రం పని నేర్చుకున్నది తణుకులో,
రిజిస్ట్రారాఫీసు ఎదుట, సోడాబండి పక్కన
బల్ల వేసుకున్న పేరలింగం గారి దగ్గర.
చెక్కుబంది రాయందే అది భూమి కాదు,
ఉత్త మాట, అనేవాడాయన.
అందుకని ఫైలు అట్ట వెనక, పెన్సిలుతో,
ఎవరూ చదవని తెలుగులో రాశాను:

తూర్పు: సముద్రం.
పోటుకి ఒక కొలత, ఆటుకి ఇంకొకటి.

దక్షిణం: లాట్ నలభై.
కొన్నవాళ్లు బుల్డోజరు పెట్టి సాపు చేసి గడ్డి వేశారు.
ఆ గడ్డి అంచున కాసోవరీ తండ్రి ఆగిపోతాడు
చారల పిల్లల్ని వెంటేసుకుని,
తలుపు వేసిన ఇంటి ముందు చుట్టంలా.

పడమర: కొండ.
దాని మీద ఒక ముళ్ల తీగ.
లాయర్ తీగ అంటారు, పట్టిందంటే వదలదని.
ఈ ఒక్క హద్దుకి కాపలా అక్కర్లేదు.

ఉత్తరం: వాగు.
దాని పేరు ఆంటీ చెప్పింది, నేను రాసుకున్నాను.
వంగి చూసి, "ఇది మా పేరేనా?" అంది.
అవునన్నాను.
"గుండ్రంగా ఉంది," అంది, అరచేత్తో అట్టని మూస్తూ.
"ఇక్కడే ఉండనీ."
కనుక ఈ పద్యంలో ఆ పేరు లేదు.

తర్వాత అలవాటైన వరస దానంతటదే వచ్చేసింది:
జల తరు పాషాణ నిధి నిక్షేపములు సహా
దాన విక్రయాది సమస్త హక్కులతో
ఆగాను.
ఇకపై ఇది ఎవరూ అమ్మడానికి లేదు.
ఇల్లు కట్టడానికి లేదు. షరతు అదే.
"దాన విక్రయాది" మీద గీత కొట్టాను.
కొట్టివేతకి పక్కన పొట్టి సంతకం పెట్టాలి.
పేరలింగం గారు లేకపోయినా
పెట్టాను.

ఇన్నేళ్లలో "తరు" అని ఎన్నిసార్లు రాసి ఉంటాను!
తాడి చెట్లు రెండు, వేప ఒకటి, గట్టు మీద తుమ్మ.
లెక్క పెట్టకుండా రాయడం ఇదే మొదలు.

వాళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని
వానలోకి మెట్లు దిగారు.
కరపత్రం ఆంటీ అడిగి పట్టుకెళ్లింది,
రేంజర్ల షెడ్డులో అంటిస్తుందట.

ఆచంద్రార్కం అని ముగించాలి.
"ఆ" రాశాను.
ఫోను మోగింది.
లాట్ నలభై రెండు వేలానికి వస్తోందట, ఆగస్టులో.