ఒక జత చేతులు

విజయనగరం. మూడు లాంతర్లకి రెండు సందుల అవతల
కింద గాజుల కొట్టు, పైన మా ఆఫీసు.
రాత్రి పదికి మెట్లెక్కుతాను.
ఏం పని అంటే, ఇంట్లో కంప్యూటరు అని చెప్పాను.
నిజానికి నేనో యంత్రానికి
మొహాలు చదవడం నేర్పుతాను.

బొమ్మా బొరుసూ లేని నాణేలమ్మే కంపెనీ.
కొనడానికొచ్చినవాడు వాడేనా అని
గుమ్మంలోనే అడగాలి:
కార్డు పట్టుకో. తల ఎడమకి. రెప్ప వెయ్యి.
మాస్కు, ఫొటోకి ఫొటో, తల్లి లేకుండా పుట్టిన మొహం,
ఏది ఏదో ఒకసారి చెబితే
అది మళ్లీ మరిచిపోదు.

మొన్న తెల్లవారుజామున మూడింటికి
ఎర్రగీత పెట్టి పదకొండు ఫైళ్లు నా మీదకి తోసింది.
సూరత్ కుర్రాడు, ధన్‌బాద్ గుమాస్తా,
ముక్కుపుడక కాలేజీ పిల్ల, ఇంకా ఎవరెవరో.
మొహాలన్నీ బాగానే ఉన్నాయి. నుదుట చెమట కూడా ఉంది.
నేనైతే వదిలేసేవాణ్ణి.
అది మొహాలు చూడలేదు.
కార్డు పట్టుకున్న బొటనవేళ్ల చుట్టూ
పసుపు సున్నా చుట్టింది.

అవే వేళ్లు. పదకొండుసార్లూ.
కొసలు నల్లగా కాలి, చర్మం పెచ్చులు లేచి.
మొహం మార్చినవాడు చేతులు మార్చడం మరిచిపోయాడు.
లేదా, చేతులెవరు చూస్తార్లే అనుకున్నాడు.

ఆ నలుపు నాకు తెలుసు.
మా పెద్దమ్మ నాకు ముద్దలు కలిపిన నలుపు.
జీడిపిక్క పగిలితే చిమ్మే నూనె
బూడిద రాసుకున్నా ఆగదు.
పలాస.

అడుగున దొరికింది మొదటి ఖాతా:
గేదెల తవిటమ్మ, యాభై రెండు.
ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే
ఈమెను చేటెడు తవుడుకి అమ్మి, మళ్లీ కొనుక్కుని ఉంటారు,
చావొచ్చి గుమ్మంలో అడిగితే
ఇది మా పిల్ల కాదు అనడానికి.
అదీ దొంగ పేరే.
దాంట్లో నష్టపోయింది యముడొక్కడే.

నా తెర మీద రెండే బటన్లు: అసలు, నకిలీ.
నొక్కాను. ఆమెదీ కలిపి పన్నెండూ మూతబడ్డాయి.
ఎవరి సొమ్మో గట్టు దాటకుండా ఆగింది.
శభాష్ అని మేనేజరు మెసేజి.

వారం తిరక్కుండానే చూశాను.
మా యంత్రాన్నే అద్దెకి తెచ్చుకున్న అప్పుల కంపెనీలో
నల్లవేళ్లు కనబడితే చాలు, ఎర్రగీత.
కాశీబుగ్గ నుంచి ఒకామె. మందస నుంచి అక్కాచెల్లెళ్లు.
గ్రూపు లోను రాలేదు, కారణం రాయలేదు.
కారణం నేను.
సగం పాఠం చెప్పి నిద్రపోయాను.

ఆదివారం పలాస పాసింజరెక్కాను.
పొందూరు దాటాక కూర్చునే చోటు దొరికింది.
షెడ్డు బయట, రేకుల నీడలో ఆమె.
"పింఛను ఆగిపోద్దని ఒకడొచ్చినాడు బాబూ.
తల తిప్పమన్నాడు, తిప్పినాను.
రెప్ప ఎయ్యమన్నాడు, ఏసినాను.
టీకి పది రూపాయలిచ్చినాడు."
కాసేపాగి:
"బియ్యం డిపోలో మిషను నాకు ఏళ్లే లేవంటాది.
నీ మిషనేమో ఏళ్లే ఉన్నాయంటాదా?"

చెప్పాను. మీవి, మీ తోటివాళ్లవి
చేతుల ఫొటోలు చాలా కావాలని,
పనిచేసే చేతులు వేరు, దొంగ చేతులు వేరని
దానికి నేర్పాలని.
చెబుతుంటే నా గొంతు
ఆ పది రూపాయలవాడి గొంతులాగే వినబడింది నాకు.

ఆమె చెయ్యి చాపింది.
ఫొటోకి కాదు.
"నువ్వెవులివి? నీ కార్డేది?"

ఇచ్చాను. చదువు రాదు.
కార్డులో నన్ను చూసింది, ఎండలో నన్ను చూసింది,
మళ్లీ కార్డు.
వెనక పిక్కలు కొట్టే చప్పుడు ఆగింది.

"ఏదీ, తల ఇటు తిప్పు," అంది.

తిప్పాను.